మూడు మిల్లీమీటర్ల వెలుతురు

నా కుడికన్ను మూతపడటం లేదని మొదట కనిపెట్టింది నా భార్య. నాకెలా తెలుస్తుంది, ఆ సమయంలో నేను నిద్రపోతున్నాను కదా. ఆపరేషన్ అయిన మూడో వారంలో ఒక ఉదయం ఆమె కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చుని, "రాత్రంతా నన్నే చూస్తూ పడుకున్నారండీ," అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా మీద ఇలాంటి ఆరోపణ రావడం అదే మొదలు. కాస్త సంతోషించబోయాను.

"ప్రేమేం కాదు లెండి. ఎడం కన్ను మూసుకునే ఉంది. కుడి కన్ను సగం తెరుచుకుని, లోపల గుడ్డు తెల్లగా కనబడుతోంది. నల్లగుడ్డు పైకెక్కిపోయింది. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి ఆడుతోందో లేదోనని."

"ఆడిందా?"

"ఆడబట్టే కాఫీ తెచ్చాను."

అద్దం ముందుకెళ్ళి కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే ఏం కనబడుతుందని వెళ్ళానో తెలియదు. చిత్రమేమిటంటే, కనబడింది. కుడి రెప్ప కింద సన్నటి గీతలో వాష్‌బేసిన్ అంచు, టూత్‌పేస్టు ట్యూబు, నా గడ్డం. కళ్ళు మూసుకుని నన్ను నేను చూసుకోవడం అనేది యోగులకు మాత్రమే సాధ్యమని ఎక్కడో చదివాను. నాకు కొండాపూర్ మెయిన్ రోడ్డు మీద ఓ క్లినిక్ సాధ్యం చేసి పెట్టింది.

క్లినిక్ దాకా ఎందుకు వెళ్ళానంటే, నాది నిద్రమొహం. పుట్టుకతో వచ్చింది కాదు, నడమంత్రంగా వచ్చింది. హైటెక్ సిటీలో ఓ కంపెనీలో డెలివరీ మేనేజరుని. ప్రాజెక్టులు వేళకి అందేలా చూడడం పని, వేళకి అందకపోతే అందుకు కారణాలు అందంగా చెప్పడం అసలు పని. రోజుకి ఆరేడు వీడియో కాల్స్. తెర మీద పన్నెండు గళ్ళు, గడికొక ముఖం. ఆ పన్నెండింటిలో నా గడిలో ఉన్నవాడు ఎప్పుడూ ఇప్పుడే లేచినట్టో, ఇప్పుడే పడుకోబోతున్నట్టో ఉండేవాడు. పైరెప్పలు ఉబ్బి కిందికి వాలి, కళ్ళ కింద రెండు సంచులు. భుజానికో లాప్‌టాప్ సంచి ఎటూ ఉంది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో సంచులు మోయడమే ఉద్యోగమైపోయింది.

మా బాసు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. నన్ను సార్ అంటూనే నాకు మార్కులు వేస్తాడు. ఆ ఏడాది రివ్యూలో చాలా మర్యాదగా, "సార్, డోంట్ టేక్ ఇట్ అదర్‌వైజ్, కాల్స్‌లో మీరు కొంచెం టైర్డ్‌గా కనబడుతున్నారు. క్లయింట్ కూడా అడిగాడు, ఆయనకు ఒంట్లో బాగానే ఉందా అని," అన్నాడు. బాగానే ఉందని ఇద్దరికీ చెప్పాను. ఆ శనివారం రెప్పలూ సంచులూ కోయించుకుందామని క్లినిక్‌కి వెళ్ళాను.

అద్దాల భవనంలో రెండో అంతస్తు. కింద బిర్యానీ హోటలు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి చేతికొక టాబ్లెట్ ఇచ్చి, "ఏవైనా టాబ్లెట్లు వాడుతున్నారా సార్, ఇందులో టిక్ చేయండి," అంది. టాబ్లెట్లో టాబ్లెట్ల జాబితా. బీపీ? లేదు. షుగర్? లేదు. గుండె? ఉంది గానీ జబ్బు లేదు. నా వృత్తిలో ఫారాలు నింపడానికి ఒక పద్ధతి ఉంది: చదవకుండా అన్నింటికీ 'నో' నొక్కుతూ పోవడం, చివర్లో 'ఐ అగ్రీ' నొక్కడం. అలాగే చేశాను. మధ్యలో 'థైరాయిడ్' అని ఒక గడి వచ్చి ఉండాలి. దానికీ 'నో' నొక్కాను.

అబద్ధం చెప్పానని ఇప్పటికీ అనుకోను. నిజం గుర్తుకు రాలేదు, అంతే. నాలుగేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షల్లో థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని వచ్చింది. రోజూ పొద్దున్నే చిన్న మాత్ర ఒకటి వేసుకోమన్నారు. మా అమ్మ వేసుకునేది, మా అక్క వేసుకుంటుంది, ఇద్దరు పిన్నులు వేసుకుంటారు, నా భార్య వేసుకుంటుంది. మా ఇళ్ళల్లో అది మందు కాదు, ఆడవాళ్ళ దినచర్య. బొట్టు పెట్టుకోవడంలాగా. జబ్బుల మాట వస్తే మా మగవాళ్ళు బీపీ, షుగర్ చెప్పుకుంటారు, అందులో ఒక హోదా ఉంది. థైరాయిడ్ చెప్పుకోరు. ఆ మాత్రల సీసాని నేను కాఫీపొడి డబ్బా వెనకాల పెట్టుకునేవాణ్ణి.

ఆపరేషన్ మెలకువలోనే చేశారు. రెప్పల్లో సన్నటి సూది దించాక అవి నావి కాకుండా పోయాయి. ఎవరి రెప్పలో కోస్తుంటే పక్క కుర్చీలోంచి వింటున్నట్టు ఉంది. సర్జన్ చెయ్యి మంచిదని అందరూ అన్నారు, నిజమే, తొందరపడలేదు. కోస్తూ, కుడుతూ, నార్సింగిలో ఓ ప్లాటు కొనాలా వద్దా అని మత్తు డాక్టరుతో మాట్లాడాడు. తూర్పు ముఖం ప్లాటు దొరకడం లేదట. నా ముఖం మీద పనిచేస్తూ తూర్పు ముఖం వెతుకుతున్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వితే కత్తి కదులుతుందని మానుకున్నాను.

ఆఫీసులో 'కంటికి చిన్న ప్రొసీజర్' అని చెప్పాను. వాళ్ళే శుక్లాలనుకున్నారు. కాదనలేదు. అందం కోసం రెప్పలు కోయించుకున్నాడనడం కంటే శుక్లాలు గౌరవంగా ఉన్నాయి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతుంటే పక్క టీములో ఒకాయన వచ్చి, వాళ్ళ నాన్నగారికి కూడా శుక్లాలున్నాయి, ఏ ఆస్పత్రిలో చేయించుకున్నారని అడిగాడు. మంచి ఆస్పత్రి పేరొకటి చెప్పాను. నేనెప్పుడూ వెళ్ళలేదు గానీ మంచిదే అయ్యుంటుంది.

వాపు తగ్గితే సర్దుకుంటుందన్నారు క్లినిక్‌లో. వాపు తగ్గింది, కన్ను సర్దుకోలేదు. పొద్దున్నే లేస్తే కంట్లో ఇసుక పోసినట్టు గరగర. తొమ్మిదింటికి ఆ గరగర మంట అవుతుంది, మంటకి నీళ్ళు కారడం మొదలవుతుంది, సాయంత్రం దాకా కారుతూనే ఉంటుంది. ఎండిపోయిన కన్నే ఎక్కువ కారుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అర్థంకాక, ఎడమచేతిలో రుమాలు, కుడిచేతిలో మౌసు పట్టుకుని పనిచేసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా టీములో నలుగురిని తీసేయమని జాబితా వచ్చింది. చెప్పాల్సింది నేను. ఒక్కొక్కరికి పావుగంట, ఒక చిన్న గాజుగది, బల్ల మీద టిష్యూల డబ్బా. మూడోవాడు కడప జిల్లావాడు, టెస్టింగ్‌లో పన్నెండేళ్ళుగా నాతో ఉన్నాడు. హెచ్.ఆర్. వాళ్ళు రాసిచ్చిన నాలుగు వాక్యాలు చదివాను. రెండో వాక్యంలో ఉండగా నా కుడికంట్లోంచి ధారగా కారడం మొదలైంది.

అతను లేచి నిలబడ్డాడు. "సార్. సార్. ఊరుకోండి సార్."

"అది కాదు, నా కన్ను..."

"నాకు తెలుసు సార్, మీ మనసు నాకు తెలీదా. మీరేం జేస్తారు సార్, పైనోళ్ళు చెప్తే. నాకేం గాదులే సార్, మా బావ మదీనాగూడలో షోరూం పెట్టినాడు, ఏదో ఒకటి చూసుకుంటాను. మీరు కండ్లు తుడ్చుకోండి."

టిష్యూల డబ్బా నా వైపు జరిపాడు. ఉద్యోగం పోయింది అతనిది. నేను కళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకుంటూ గమనించాను, లోపల ఏమీ లేదు. బాధ కాదు, సిగ్గు కాదు, కనీసం విసుగైనా కాదు. కుడికన్ను ఏడుస్తోంది, ఎడమకన్ను పొడిగా కూర్చుని మినిట్స్ రాసుకుంటోంది. మధ్యలో నేనెక్కడున్నానో తెలియలేదు.

సాయంత్రానికి ఫ్లోర్ అంతా పాకింది, సార్ ఏడ్చాడట అని. నాలుగో మనిషికి చెప్పినప్పుడూ కారింది కాబట్టి సాక్ష్యం బలపడింది. పదిహేనేళ్ళ నా మేనేజరు జీవితంలో అంత మంచిపేరు ఎప్పుడూ రాలేదు. లిఫ్టులో ఎవరో అమ్మాయి నా భుజం తట్టి దిగిపోయింది. ఆ మంచిపేరుని కూడా నేను కాదనలేదు. శుక్లాల్లాగే.

అయిదో నెలలో కుడికంటికి అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక నా భార్య ఊరుకోలేదు. మదీనాగూడలో ఒక డాక్టరమ్మ ఉన్నారని, వేరేచోట చేయించుకున్న రెప్పలు సరిచేయడమే ఆవిడ పనని ఎవరినో అడిగి తెలుసుకుంది.

"అందానికని వెళ్ళి చెడగొట్టుకున్నానని చెప్పాలి కదా," అన్నాను.

"చెప్పక్కర్లేదు లెండి. చూస్తే తెలుస్తుంది."

ముందు కొలతలు తీసే అమ్మాయి దగ్గర కూర్చోబెట్టారు. చేతిలో పారదర్శకమైన చిన్న స్కేలు, టార్చి.

"సార్, కండ్లు మూయుండ్రి."

మూశాను. బలమంతా పెట్టి మూశాను.

"గట్ల గుంజి మూయొద్దు సార్. పండుకున్నట్టు మూయుండ్రి, మెల్లగ."

"మూశానమ్మా."

"ఏడ మూసిన్రు సార్! నన్నే చూస్తున్నరు."

నిజమే, చూస్తున్నాను. ఆమె గులాబీరంగు బ్యాడ్జి, స్కేలు మీద గీతలు. ఆమె వంగి, స్కేలు ఆనించి, "కుడి మూడు, ఎడమ సున్న," అని రాసుకుంది. మూడు మిల్లీమీటర్లు. అయిదు నెలలుగా నా నిద్రలోకి వెలుతురు దూరుతున్న సందు అంతే. బియ్యపుగింజ అడ్డంగా పట్టదు.

"బాగా ఎక్కువా?" అడిగాను.

"ఫికర్ చేయకుండ్రి సార్. మేడం చూస్తది."

తర్వాత కింది రెప్పలో కాగితపు పట్టీ మడిచి తగిలించింది, ఎంత తడుస్తుందో చూడడానికి. బల్లమీద నా ఐదు నిమిషాల కన్నీళ్ళు స్కేలుతో కొలిచారు. రోజంతా కారే కన్ను తీరా పరీక్ష పెడితే సగం పట్టీ కూడా తడపలేదు. ఫెయిలయింది. కంట్లో పసుపురంగు మందుచుక్క ఒకటి వేసి చీకటిగదిలో నీలంరంగు దీపం ముందు గడ్డం ఆనించమంది.

డాక్టరమ్మకి అరవై దగ్గరుంటాయి. జుట్టు తెల్లగా, మాట తక్కువగా ఉన్నారు. దీపంలోంచి చాలాసేపు చూశారు. నా కింది రెప్పని వేలితో కిందికి లాగి వదిలారు, ఎంతసేపట్లో తిరిగి గుడ్డుకి అతుక్కుంటుందోనని. మా రెప్ప తీరిగ్గా వెళ్ళింది, సచివాలయంలో ఫైలులా. తర్వాత మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"నల్లగుడ్డు కింది భాగం ఎండిపోయి చుక్కలు చుక్కలుగా దెబ్బతింది. ఇప్పటికింకా పైపైనే ఉంది. ఇలాగే తెరిచి పడుకుంటుంటే పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. మచ్చ మధ్యలో పడితే చూపు పోతుంది. కాబట్టి ఈ కన్ను మూతపడాలి. అందం సంగతి తర్వాత."

తలూపాను. నా భార్య చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. నాకు మాత్రం అది ఎవరి కంటి సంగతో లాగే ఉంది. రెప్పలు అప్పటికీ తిమ్మిరిగానే ఉన్నాయి, గోరుతో గీసినా తెలిసేది కాదు. ఆ తిమ్మిరి రెప్పల దగ్గరే ఆగిందని చెప్పలేను.

"పాత ఫోటోలున్నాయా? ఎడిట్ చేయనివి," అన్నారావిడ.

ఫోను తీశాను. మా అమ్మాయి ఆ ఫోను కొన్నరోజే ఏదో అమర్చిపెట్టింది, అందులో అందరం మైదాపిండితో చేసినట్టు నున్నగా ఉంటాం. నున్నటి ఫోటోలు నలభైదాకా చూసి ఆవిడ ఫోను పక్కన పెట్టేశారు. "కార్డులేమైనా ఉన్నాయా?"

పర్సులోంచి తీసి బల్లమీద పరిచాను, రమ్మీ ఆడుతున్నట్టు. పదిహేనేళ్ళనాటి డ్రైవింగ్ లైసెన్సు. కంపెనీలో చేరినప్పటి ఐడీ కార్డు, తొమ్మిదేళ్ళనాటిది. పోయినేడు వీసా కోసం తీయించుకున్న ఫోటో. నాలో ఉన్న నిజాయితీ అంతా ఆ మూడింటిలోనే ఉంది. ఆవిడ భూతద్దం పెట్టి చూశారు.

"ఇందులో ఉబ్బులేదు. ఇందులోనూ లేదు. ఇందులో ఉంది. వయసు మెల్లగా వస్తుంది, ఇలా తొందరపడి రాదు. మధ్యలో ఏదో జరిగింది. మందులేమైనా వాడుతున్నారా?"

"లేవండి."

పక్కనుంచి నా భార్య, "అదేంటండీ, థైరాయిడ్ మాత్ర?" అంది.

"ఆ... అదా. అదొకటుంది."

"అక్కడ ఆపరేషన్ చేసిన డాక్టరుకి చెప్పారా?" అన్నారు డాక్టరమ్మ.

"అడిగినట్టున్నారండి. ఫారంలో."

"రోజూ వేసుకుంటారా? ఎలా వేసుకుంటారు?"

"చాలావరకు రోజూనేనండి. కాఫీతో."

నా భార్య కుర్చీలో పూర్తిగా నావైపు తిరిగింది.

"కాఫీతోనా! ఐదింటికి లేచి నీళ్ళతో వేసుకుని, గంటసేపు గడియారం చూసుకుంటూ కూర్చుని, అప్పుడు కదా నేను కాఫీ తాగేది. ఎన్నేళ్ళ బట్టి! ఒక్కరోజు కూడా చూళ్ళేదా మీరు నన్ను?"

చూడలేదు. ఐదింటికి నేను పడుకుని ఉంటాను.

డాక్టరమ్మ చెప్పారు. కాఫీతో కలిపి వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదట. థైరాయిడ్ తక్కువైతే రెప్పలు, కళ్ళకింద నీరు దిగినట్టు ఉబ్బుతాయట. "మీరు కోయించుకున్నదాంట్లో కొంత చర్మం కాదు, వాపు. రక్తపరీక్ష చూస్తేగానీ ఖాయంగా చెప్పను. మాత్ర సరిగ్గా వేసుకుని ఉంటే కోత అవసరం పడకపోయేదేమో కూడా."

"మరి ఆ మొదటి డాక్టరు చూసుకోవద్దాండీ?" అంది నా భార్య.

"ఆయన ఇంకా అడగాల్సింది. ఈయనా చెప్పాల్సింది," అని వదిలేశారావిడ. తర్వాత నావైపు చూసి, "మత్తుగా ఉంటుందా? చలి ఎక్కువా? దేనిమీదా మనసు లేనట్టు, మొద్దుబారినట్టు ఉంటుందా?"

"ఉంటుందండి. నాలుగేళ్ళుగా."

"అందులోనూ కొంత దీనివల్లే అయ్యుండొచ్చు."

ఇది మాత్రం కాస్త తగిలింది. ఎవరు పోయినా, ఎవరు వచ్చినా, ఎవరిని తీసేసినా చలించకపోవడాన్ని నేను అనుభవం అనుకుంటున్నాను. పెద్దరికం అనుకుంటున్నాను. మా టీములో కుర్రవాళ్ళకి దాని గురించి సలహాలు కూడా ఇచ్చాను. తీరా చూస్తే అది మాత్ర పట్టకపోవడం.

రక్తపరీక్ష ఫలితం రెండు రోజుల్లో వచ్చింది. డాక్టరమ్మ అనుకున్నట్టే ఉంది. థైరాయిడ్ కుదురుకునేదాకా, పాత మచ్చ మెత్తబడేదాకా కత్తి పట్టనన్నారు. కనీసం ఆరు నెలలు. అప్పటిదాకా కన్ను ఎండిపోకుండా కాపాడుకోవడమే వైద్యం. గంటకోసారి చుక్కలు, పడుకునేముందు జిగురులాంటి మందు, పైన టేపు. రోజుకు నాలుగుసార్లు రెప్పని వేలితో కిందికి నిమరడం.

టేపు నా భార్యే వేసేది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే, రెప్పని వేలితో కిందికి లాగి, కవరు అంటించినట్టు అంటించేది. అడ్రసు రాయడం ఒకటే తక్కువ. కంటికి రెప్పలా చూసుకోవాలని చెప్పిన పెద్దలు, రెప్పనే ఎవరైనా చూసుకోవాల్సి వస్తే ఏమనాలో చెప్పలేదు. రెండుసార్లు టేపు ఊడిపోయి తెల్లగుడ్డు మళ్ళీ ఆమెకు కనబడింది. ఆ తర్వాత టేపు వేసి, దీపం ఆర్పి, దిండు తీసుకుని, హాస్టల్లో చదువుతున్న మా అమ్మాయి గదిలోకి వెళ్ళి పడుకునేది.

"కోపమేం లేదండీ. మీరు చూస్తున్నారో పడుకున్నారో తెలియకపోతే నాకు నిద్ర పట్టట్లేదు," అంది.

ఐదింటికి ఆమె పిలుస్తుంది. లేచి, నీళ్ళతో మాత్ర వేసుకుని, ఇద్దరం హాల్లో ఎదురెదురుగా కూర్చుంటాం. కాఫీకి గంట టైముంటుంది. మాట్లాడుకోవడానికి దొరికిన గంట అనుకోవచ్చు. ఎక్కువగా గడియారమే చూసేవాళ్ళం.

మాత్ర పట్టడం మొదలయ్యాక ముఖంలో వాపు దిగింది. దిగేకొద్దీ కుడిరెప్పకి చర్మం ఎంత తక్కువుందో తేలింది. ఎడమకన్ను మామూలుగా ఉంటే కుడికన్ను ఎప్పుడూ ఏదో పెద్ద వార్త విన్నట్టు విప్పారి ఉండేది. ఏం విన్నా చలించని మనిషికి ఏం విన్నా ఆశ్చర్యపోయే ముఖం. ఆ తర్వాతి రివ్యూలో మా బాసు, "సార్, యూ లుక్ వెరీ అలర్ట్ దీస్ డేస్. క్లయింట్ కూడా నోటీస్ చేశాడు," అన్నాడు. మార్కులు పెరిగాయి. కుడికంటి నీళ్ళు తుడుచుకుని థాంక్స్ చెప్పాను. అది చూసి అతనికి కూడా గొంతు బొంగురుపోయింది.

వైద్యం మొదలైన ఏడో నెలలో డాక్టరమ్మ సరేనన్నారు. చెవివెనక చర్మం ముక్క తీసి పైరెప్పలో అతికి, వదులైన కిందిరెప్పని బయటి మూల దగ్గర బిగిస్తానన్నారు. చెవివెనకదే ఎందుకంటే అది పల్చగా ఉంటుందట. ఇరవై రెండేళ్ళుగా చెప్పినమాట చెవికెక్కదని అనిపించుకున్నవాణ్ణి, ఇక కంటికెక్కుతుందేమోనని నా భార్యతో అన్నాను. ఆమె నవ్వలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన కాగితాలు వరసగా పెడుతోంది.

ఈసారి కూడా మెలకువలోనే. ఈసారి ఎవరూ ప్లాట్ల గురించి మాట్లాడలేదు. "తెరవండి. మూయండి. మళ్ళీ మూయండి," అని మాత్రం వినబడింది. చెవివెనక కోస్తున్నప్పుడు శబ్దం దగ్గరగా ఉంది, కాగితం చింపినట్టు. అతికిన చర్మం కదలకుండా రెప్పని కుట్లతో మూసేసి, పైన దూదిమెత్త పెట్టి కట్టుకట్టారు. అది పడుతుందో లేదో వారం ఆగితేగానీ తెలియదన్నారు. పట్టకపోతే ఏమవుతుందని నా భార్య అడిగింది. నేను అడగలేదు. వారం రోజులు ఎడమకన్నుతో గోడమీద కాలెండరు చూస్తూ పడుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున కట్టు విప్పారు. డాక్టరమ్మ కుట్లు తీసి, టార్చి వేసి చూసి, "రంగు బాగుంది. పట్టింది," అన్నారు. తర్వాత ఆ స్కేలు అమ్మాయిని పిలిచారు.

"పండుకున్నట్టు మూయుండ్రి సార్. గుర్తుంది గదా?"

మూశాను. నా భార్య ఎక్కడ నిలబడిందో తెలియలేదు.

"మేడం, జర మీరు చూడుండ్రి," అంది ఆ అమ్మాయి.

నా ముఖం మీద ఎవరిదో ఊపిరి తగిలింది.

"మూసుకుంది," అన్నారు డాక్టరమ్మ. "మచ్చ బిగిసేకొద్దీ అర మిల్లీమీటరు అటూ ఇటూ కావచ్చు. ఫర్వాలేదు, నల్లగుడ్డు కప్పబడితే చాలు. చుక్కలు మానొద్దు. తెరవండి ఇక."

తెరిచాను. ఆవిడ అద్దం ఇచ్చారు. కుడిరెప్ప మీద చామనఛాయ ముఖంలో కాస్త ఎర్రటి అతుకు. మెల్లగా కలిసిపోతుందన్నారు. వేలితో తాకి చూశాను. వేలికి రెప్ప తెలిసింది, రెప్పకి వేలు తెలియలేదు. అది కూడా వస్తుందన్నారు, కొన్నాళ్ళకి. పూర్తిగా రాకపోవచ్చు కూడా అన్నారు.

ఇంటికొచ్చి మజ్జిగన్నం తిన్నాక హాల్లో సోఫా మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాను. దాదాపు ఏడాదిగా నాకు చీకటి లేదు. టేపు వేసినా ఎక్కడో ఒక మూల నుంచి బూడిదరంగు వెలుతురు వచ్చేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం, ఎదురుగా బాల్కనీ తలుపు తెరిచి ఉంది. అయినా చీకటి. పూర్తిగా, సమంగా, రెండుకళ్ళలోనూ. నిద్ర రాలేదు. ఊరికే ఆ చీకట్లో ఉన్నాను.

నా భార్య వచ్చి కాసేపు నిలబడినట్టుంది. తర్వాత వంటింటి గుమ్మం దగ్గర నుంచి గొంతు తగ్గించి ఆమె ఫోనులో మాట్లాడడం వినబడింది. రాజమండ్రిలో ఉండే వాళ్ళక్కతో.

"పడుకున్నారక్కా. ఆఁ, మూసుకుంది. పూర్తిగా మూసుకుంది, ఇప్పుడే దగ్గరకెళ్ళి చూసొచ్చాను... డాక్టరుగారు మంచావిడ... ఆఁ, చూపుకేం భయం లేదన్నారు."

కాసేపు అటు నుంచి వింది.

"ఏమోనక్కా, ఎలా చెప్పను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క కన్నే చూశాను. మూసుకుంటే చాలు భగవంతుడా, మూసుకుంటే చాలని. ఇవాళ మూసుకున్నాక ముఖం మొత్తం చూశాను. వేరేగా ఉన్నారు. ఎవరో తెలిసినాయన మా ఇంటికొచ్చి సోఫాలో పడుకున్నట్టుంది... ఊరుకో, నవ్వకు. నిజంగానే అంటున్నాను... లేదులే, అలవాటైపోతుంది. ఆ ముందున్న ముఖానికి మాత్రం అలవాటు పడలేదూ."

కన్ను తెరిచి ఉన్నన్నాళ్ళూ ఇలాంటి మాట ఆమె నేనున్న గదిలో అనలేదు. నేను పడుకున్నానో లేదో ఆమెకు తెలిసేది కాదు కదా.

నాకు ఏదో ఒకటి అనిపించాల్సిన చోటిది. వెతుక్కున్నాను. అనిపించబోతున్నట్టు అనిపించింది, చిన్నగా. అది ఏమిటో తేలేలోపు ఆమె ఫోను పెట్టేసింది. ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పుల చప్పుడు వంటింటి గుమ్మం నుంచి బయల్దేరి, సోఫా దగ్గరికొచ్చి ఆగింది.

నావైపే చూస్తోందో, బాల్కనీ వైపు చూస్తోందో తెలియలేదు. తెరిస్తే తెలిసేది. తెరవలేదు.